విద్యుత్ కారు నేర్పే నిదానం

"నిదానమే ప్రధానం" అని తెలుగువారి లోకోక్తి. "జల్దీ కా కామ్ షైతాన్ కా" అని ఉర్దూ మాట్లాడే మన సోదరుల సామెత. రెండింటి సారాంశం ఒక్కటే. తొందరపాటు కీడు తెస్తుంది, నిదానం కాపాడుతుంది. మన పెద్దలు ఈ మాటలు చెప్పిన నాడు, నిదానించినవానికి ప్రమాదం తప్పుతుందన్నంత వరకే వారి భావం. నిదానించినవానికి కొంత శక్తి కూడా తిరిగి చేతికి వస్తుందని నేటి విద్యుత్ కారు రుజువు చేస్తున్నది. వేగం తగ్గే సమయంలో ఆ కారు విద్యుత్తును పుట్టించి తన బ్యాటరీని తానే కొంత నింపుకుంటుంది. ఈ ఏర్పాటుకే రీజెనరేటివ్ బ్రేకింగ్ అని పేరు. వాడుకలో 'రీజెన్' అని పొట్టిగా పిలుస్తున్నారు.

ఈ రీజెన్ ఎంత బలంగా పని చేయాలో నిర్ణయించే అధికారాన్ని అనేక కార్లలో నడిపేవానికే అప్పగించారు. స్టీరింగు వెనుక ఒక చిన్న మీట, లేదా గేరు పక్కన ఒక బొత్తాం, లేదా తెర మీద ఒక గుర్తు. దానిని నొక్కితే కారు నడక తీరు మారిపోతుంది. ఇంత చిన్న మీటను గురించి కళాశాల వార్షిక సంచికలో వ్యాసం రాయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కాని హైదరాబాదు పాతబస్తీ వంటి జనసమ్మర్దం గల చోట ఆ మీటను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న సొంత సుఖంతోనో, బ్యాటరీ అంకెలతోనో ముగిసేది కాదని నా అభిప్రాయం. కారు ముందు నడిచేవాని క్షేమం, వెనుక వచ్చేవాని క్షేమం, లోపల కూర్చున్నవాని సుఖం దానితో ముడిపడి ఉన్నవి. కనుక అది పౌరధర్మానికి చెందిన విషయం. ఆ ధర్మాన్ని మన భాషలలో బోధించే బాధ్యత మనవంటి విద్యాసంస్థల మీద ఉన్నది. ఈ రెండు మాటలను సమర్థించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సైకిలు డైనమో చెప్పే పాఠం

మొదట ఈ ఏర్పాటు పని చేసే తీరు తెలుసుకుందాం. పూర్వం సైకిళ్లకు దీపం కోసం డైనమో ఉండేది. చీకటి పడగానే దానిని టైరుకు ఆనించేవారు. దీపం వెలిగేది, కాని తొక్కడం వెంటనే బరువయ్యేది. దీపానికి కావలసిన శక్తి సైకిలు నడకలో నుంచే రావలసి ఉండడమే దానికి కారణం. శక్తి శూన్యం నుంచి పుట్టదు. ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మారుతుంది అంతే. మన భౌతికశాస్త్ర పుస్తకంలోని శక్తి నిత్యత్వ సూత్రానికి ఆ పాత డైనమో చక్కని వ్యాఖ్యానం.

విద్యుత్ కారు మోటారు కూడా అటువంటిదే. బ్యాటరీ నుంచి విద్యుత్తు అందినప్పుడు అది చక్రాలను తిప్పుతుంది. ఎక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే పాత్రలు తారుమారవుతాయి. అప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి, మోటారు డైనమోగా మారి విద్యుత్తును బ్యాటరీకి పంపుతుంది. సైకిలు బరువెక్కినట్లే కారూ బరువెక్కి, వేగం తగ్గుతుంది. డైనమోను ఎంత గట్టిగా పని చేయించాలన్నదే మీట నిర్ణయిస్తుంది. మామూలు బ్రేకు ఇందుకు భిన్నం. అది చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్ల మధ్య బిగించి రాపిడితో కారును ఆపుతుంది. ఆ రాపిడిలో కారు చలనశక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

ఎంత శక్తి తిరిగి వస్తుందో ఒక చిన్న లెక్క చూద్దాం. 1,500 కిలోల బరువు గల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు వెళ్తున్నది అనుకొందాం. దాని చలనశక్తి 75,000 జౌళ్లు, అంటే సుమారు 21 వాట్ గంటలు. 7 వాట్ల ఎల్ఈడీ బల్బును 3 గంటలు వెలిగించగల శక్తి అది. మామూలు బ్రేకుతో ఆపితే ఆ మొత్తం వృథా. రీజెన్‌తో ఆపితే అందులో మంచి భాగం బ్యాటరీకి చేరుతుంది. మొత్తం చేరదు. మోటారులో కొంత, తీగలలో కొంత, బ్యాటరీలోకి వెళ్లేటప్పుడు కొంత, మళ్లీ బయటికి వచ్చేటప్పుడు కొంత తరుగు తప్పదు.

ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. చలనశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం సగమైతే శక్తి సగం కాదు, నాలుగో వంతు మాత్రమే. అదే కారు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తే దానిలో ఉండే శక్తి 5 వాట్ గంటల పైచిలుకు. అదీగాక, కారు దాదాపు నడక వేగానికి దిగిన తరువాత మోటారు నుంచి రాబట్టగలిగేది చాలా స్వల్పం. "పాతబస్తీలో అడుగడుగునా ఆగవలసి వస్తుంది కనుక బ్యాటరీ బాగా నిండుతుంది" అని భావించేవారు ఈ లెక్కను మరచిపోతున్నారు. నయాపూల్ నుంచి మదీనా కూడలి దాకా తాబేలు నడక నడిచే కారుకు తిరిగి వచ్చే శక్తి బహు తక్కువ. ఇరుకు సందులో రీజెన్ మనకు ఇచ్చేది ఆదాయం కంటె అదుపు. ఈ సత్యమే నా వాదానికి పునాది.

మన ఊరికి కొత్త కాదు

ఈ విద్య ఎక్కడో విదేశంలో ఉన్నదని, మనకు సంబంధం లేదని అనుకోవలసిన పని లేదు. మన నగరంలో ఇది రోజూ పని చేస్తున్నది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో రైళ్లు స్టేషను సమీపించి వేగం తగ్గించేటప్పుడు విద్యుత్తును వెనుకకు పంపుతాయి. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వరకు మార్గం తెరవడంతో ఆ రైలు మూసీ ఒడ్డుకు, పాతబస్తీ గడప దగ్గరకు వచ్చింది. లాలాగూడ షెడ్డులో ఉండే డబ్ల్యూఏపీ-7 తరగతి రైలు ఇంజన్లు కూడా వేగం తగ్గేటప్పుడు పై తీగలోకి విద్యుత్తును తిరిగి పంపగలవు. అదే సమయంలో ఆ దారిలో వెళ్లే మరొక రైలు ఆ విద్యుత్తును వాడుకొనవచ్చు. ఢిల్లీ మెట్రో ఈ విధంగా ఆదా చేసిన శక్తికి ఐక్యరాజ్య సమితి కర్బన పథకంలో 2007లోనే గుర్తింపు లభించింది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన విద్యుత్ రేసు కార్ల ప్రపంచ పోటీ జరిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఫార్ములా-ఇ అనే ఆ పోటీలో ఫ్రాన్సు దేశస్థుడు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు ఆ పోటీ ఇక్కడ జరగలేదు. గెలుపోటముల మాట అట్లా ఉంచి, ఆ కార్ల నిర్మాణం గమనించదగినది. వాటిని వెనుక చక్రాలకు రాపిడి బ్రేకులు అవసరం లేని విధంగా రూపొందించారు. ముందు వెనుక మోటార్లు కలిసి 600 కిలోవాట్ల మేరకు శక్తిని తిరిగి రాబట్టగలవు. పోటీలో వినియోగమయ్యే శక్తిలో నూటికి 40 వంతులకు పైగా బ్రేకు వేసినప్పుడు పుట్టినదేనని నిర్వాహకులు ప్రకటించారు. పోటీదారుకు ఎంత వేగంగా వెళ్లాలో తెలిస్తే చాలదు, ఎక్కడ నిదానించాలో కూడా తెలియాలి. ఆ రెండవ విద్యలో వెనుకబడినవాడు చివరి చుట్టులో బ్యాటరీ చాలక చతికిలబడతాడు.

సామాన్యుల కార్లలోకి కూడా ఈ ఎంపిక వచ్చింది. 2019లో మన దేశంలో విడుదలైన హ్యుండాయ్ కోనా విద్యుత్ కారులో స్టీరింగు వెనుక మీటలతో రీజెన్‌ను మార్చుకొనే వీలుండేది. 2022 మే నెలలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ మ్యాక్స్‌లో సున్నా నుంచి మూడు వరకు నాలుగు స్థాయులు ఏర్పాటు చేశారు. అదే సంవత్సరం వచ్చిన చిన్న కారు టియాగోలోనూ ఆ నాలుగు స్థాయులు ఉన్నవి. సున్నా మీద ఉంచితే ఎక్సిలరేటర్ వదిలినా కారు తన ఊపున తాను జారిపోతూ ఉంటుంది. మూడు మీద ఉంచితే కాలు తీయగానే ఎవరో వెనుక నుంచి పట్టి లాగినట్లు నెమ్మదిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించిన తరువాత ఇటువంటి కార్లు కొనేవారికి మరింత ప్రోత్సాహం లభించింది.

రెండు వాదాలు

ఈ మీట విషయంలో రెండు వర్గాలు ఉన్నవి. ఒక వర్గం వారు దానిని ఎల్లప్పుడూ అత్యధిక స్థాయిలో ఉంచవలెనంటారు. శక్తి తిరిగి వస్తుంది, బ్రేకు ప్యాడ్లు అరగవు, ఒక్క పెడలుతోనే పని జరిగిపోతుంది అని వారి వాదం. రెండవ వర్గం వారు సున్నాలోనే ఉంచవలెనంటారు. కారు పాత పెట్రోలు కారు వలె హాయిగా సాగుతుంది, కుదుపు ఉండదు అని వారు చెబుతారు. ఇరువురి మాటలోనూ కొంత నిజం ఉన్నది. ఇరువురూ దారిని చూడడం మరచిపోయారు.

బాహ్య వలయ రహదారి మీద, లేదా మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వంతెన మీద రద్దీ లేనప్పుడు తక్కువ స్థాయే మేలు. అక్కడ మాటిమాటికి శక్తిని బ్యాటరీలో వేసి మళ్లీ తీయడం కంటె, కారును దాని ఊపున సాగనివ్వడంలోనే ఎక్కువ ఆదా ఉన్నది. వేసిన ప్రతిసారీ తరుగు, తీసిన ప్రతిసారీ తరుగు. కదిలే వస్తువును కదలనివ్వడం కంటె గొప్ప పొదుపు లేదు.

చాంద్రాయణగుట్ట నుంచి సంతోష్‌నగర్ మీదుగా ఎల్బీ నగర్ వైపు వెళ్లే పెద్ద దారి వేరు. అక్కడ కొంత దూరం మంచి వేగం అందుకొంటాము, తరువాత సిగ్నలు దగ్గర ఆగుతాము. రీజెన్ నిజంగా ఫలితం ఇచ్చేది ఇటువంటి దారిలోనే. మధ్య స్థాయి అక్కడ తగినది. ఎర్ర దీపాన్ని దూరం నుంచే గమనించి, ముందుగానే కాలు తీసి, మెల్లగా ఆగే డ్రైవరుకు శక్తి దక్కుతుంది. దీపం దగ్గర దాకా దూసుకుపోయి చివరి క్షణంలో బ్రేకును అణగదొక్కేవానికి రాపిడి వేడి తప్ప మిగిలేది తక్కువ.

ఫలక్‌నుమా గుట్ట వంటి ఎత్తు నుంచి దిగేటప్పుడు లెక్క మరొక విధం. 1,500 కిలోల కారు 30 మీటర్ల ఎత్తు దిగితే అందులో సుమారు 120 వాట్ గంటల శక్తి విడుదలవుతుంది. ఇందాక చెప్పుకొన్న 36 కిలోమీటర్ల వేగంలో ఉన్న శక్తికి ఇది దాదాపు ఆరు రెట్లు. అక్కడ రీజెన్ స్థాయి పెంచడం అన్ని విధాల యుక్తం. పూర్వపు డ్రైవర్లు వాలు దిగేటప్పుడు కారును రెండవ గేరులో ఉంచి ఇంజనుతో నిగ్రహించేవారు. ఇదీ ఆ సంప్రదాయమే.

ఇక మన సందులు. పత్తర్‌గట్టి, మొగల్‌పురా, యాకుత్‌పురా, హుసేనీ ఆలం. దుకాణం మెట్టు దిగిన మనిషి నేరుగా దారిలోకే దిగుతాడు. తోపుడు బండి ఏ పక్క నుంచి వస్తుందో తెలియదు. రంజాను రాత్రులలో మదీనా కూడలి వద్ద, లాల్ దర్వాజా బోనాల నాడు శాలిబండ దారిలో, మొహర్రం ఊరేగింపు సమయంలో దబీర్‌పురా వైపు, వాహనం మనుషుల మధ్య నడవాలి. ఇక్కడ తిరిగి వచ్చే విద్యుత్తు లెక్కలోనికి రాదని ముందే చెప్పుకొన్నాము. అయినా మధ్య స్థాయి, అలవాటైన చేతికి అధిక స్థాయి, ఇక్కడ మంచిదే. కాలు తీసిన మరుక్షణమే కారు నిగ్రహానికి వస్తుంది. ఎక్సిలరేటర్ నుంచి బ్రేకు మీదికి కాలు మారే ఆ అరక్షణం కూడా వృథా కాకుండా వేగం తగ్గడం మొదలవుతుంది. పసిబిడ్డ దారికి అడ్డం వచ్చినప్పుడు ఆ అరక్షణానికి వెల కట్టగలమా?

అయితే ఇందులోనే ఒక ముప్పు కూడా దాగి ఉన్నది.

అలవాటులోని ముప్పు

ఒక్క పెడలుకు అలవాటు పడిన కాలు బ్రేకును మరచిపోతుంది. దినమంతా కాలు తీయడంతోనే కారు నెమ్మదించడం చూసినవాడు, అన్ని వేళలా అదే చాలునని నమ్ముతాడు. కాని రీజెన్ అన్ని వేళలా ఒకే తీరున పని చేయదు. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే కొత్త విద్యుత్తుకు చోటు ఉండదు. అప్పుడు రీజెన్ తగ్గిపోతుంది, ఒక్కొక్కప్పుడు దాదాపు మాయమవుతుంది. రాత్రంతా చార్జింగు పెట్టి తెల్లవారి బయలుదేరినవానికి మొదటి మలుపులోనే కారు నిన్నటి వలె నెమ్మదించదు. వానలో తడిసిన నున్నని రాళ్ల మీద చక్రం జారినా, యంత్రం తానే రీజెన్‌ను తగ్గించివేస్తుంది. అత్యవసరంగా ఆపడానికి రీజెన్ ఎంత బలమైనదైనా చాలదు. ఆ పని రాపిడి బ్రేకుదే. కనుక కాలు ఎప్పుడూ బ్రేకు పైకి చేరడానికి సిద్ధంగా ఉండవలెను. రీజెన్ బ్రేకుకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు.

ఈ ముప్పు ఊహాజనితం కాదు. 2023 మే నెలలో చైనా ప్రభుత్వపు మార్కెట్ నియంత్రణ సంస్థ టెస్లా కంపెనీకి చెందిన సుమారు 11 లక్షల కార్ల విషయంలో రీకాల్ ప్రకటించింది. రీజెన్ బలాన్ని ఎంచుకొనే అవకాశం ఆ కార్లలో డ్రైవరుకు లేకపోవడం, ఎక్సిలరేటర్‌ను చాలాసేపు లోతుగా తొక్కినప్పుడు తగిన హెచ్చరిక రాకపోవడం అందుకు చూపిన కారణాలు. వీటి వల్ల బ్రేకు అనుకొని ఎక్సిలరేటర్‌ను తొక్కే అవకాశం పెరుగుతుందని ఆ సంస్థ భావించింది. కార్ల సాఫ్ట్‌వేరును మార్చి ఎంపికను డ్రైవరుకు తిరిగి ఇచ్చారు. ఒక చిన్న మీట లేకపోవడమే లక్షల కార్లను సరిదిద్దవలసిన లోపమని ఒక పెద్ద దేశం భావించినప్పుడు, ఉన్న మీటను ఎట్లా వాడాలో తెలియకపోవడం అంతకంటె చిన్న లోపం అవుతుందా?

వెనుక వచ్చేవాని మాట కూడా ఆలోచించాలి. కారు నెమ్మదిస్తున్నదని వెనుకనున్న స్కూటరు మనిషికి తెలిపేది ఎర్ర దీపం. ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో రూపొందిన వాహన నిబంధనల ప్రకారం, రీజెన్ వల్ల వేగం సెకనుకు సెకనుకు 1.3 మీటర్లకు మించి తగ్గుతూ ఉంటే ఎర్ర దీపం వెలగవలెను. అంటే ప్రతి సెకనుకు గంటకు దాదాపు 4.7 కిలోమీటర్ల వేగం తగ్గుతున్నదన్నమాట. 0.7 మీటర్లు, అంతకు లోపు అయితే దీపం వెలగరాదు. ఈ రెండింటి నడుమ అది తయారీదారు ఇష్టం. కాబట్టి ఎర్ర దీపం లేకుండానే కారు కొంత నెమ్మదించే సందర్భాలు ఉంటాయి. మన దారులలో రెండు వాహనాల మధ్య మూరెడు దూరం ఉండడమే గొప్ప. ఇటువంటి చోట కాలును ఒక్కసారిగా తీయకుండా మెల్లమెల్లగా తీయడం నేర్చుకోవాలి. ఎందుకైనా మంచిదని బ్రేకు పెడలును తాకి దీపం వెలిగించడం వెనుకవానికి మనం చేసే సలాము.

లోపల కూర్చున్నవారి సంగతి మూడవది. రీజెన్ బలంగా ఉన్న కారులో ఊయల వలె ముందుకు వెనుకకు ఊగి తల తిరుగుతున్నదని, కడుపులో వికారం కలుగుతున్నదని ప్రయాణికులు చెప్పడం తరచు వింటున్నాము. ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లే రోగి, నిండు గర్భిణి, వృద్ధులైన తాతలు వెనుక సీటులో ఉన్నప్పుడు స్థాయి తగ్గించి, కాలు మృదువుగా వాడడం మర్యాద. మర్యాదకు పేరు పొందిన నగరం మనది. "పహ్లే ఆప్" అన్న మాట నోటితోనే కాక కాలితో కూడా చెప్పవచ్చునని ఈ కారు నేర్పుతున్నది.

మరొక సంగతి. ఒకే కారును పగలు ఒకరు, రాత్రి ఒకరు నడిపే పద్ధతి అద్దె కార్లలో మామూలు. పగటివాడు మూడులో ఉంచి దిగిపోతాడు, రాత్రివాడు సున్నాకు అలవాటు పడినవాడు. లేదా అటుది ఇటు. మొదటి కూడలిలోనే ఇద్దరిలో ఒకడు తడబడతాడు. అద్దం సరిచూసుకొన్నట్లు, సీటు సరిచేసుకొన్నట్లు, బయలుదేరే ముందు ఈ స్థాయిని చూసుకోవడం నియమం కావలెను. తాళం చేతులు మారినప్పుడు ఈ మాట కూడా చేతులు మారాలి.

మనకెందుకు అనేవారికి

"ఇవన్నీ బంజారా హిల్స్ వారి ముచ్చట్లు, పాతబస్తీ విద్యార్థికి వీటితో పని ఏమిటి?" అని కొందరు అడుగవచ్చు. కారు యజమాని ఎక్కడివాడైనా కావచ్చు. దానిని నడిపేవాడు, కడిగేవాడు, బాగుచేసేవాడు చాలాసార్లు మన వాడల నుంచి వెళ్లినవాడే. ఈ నగరంలో అద్దె కారు నడిపి ఇల్లు నిలబెడుతున్న అన్నదమ్ములు మన తరగతులలోని ఎందరికో ఉన్నారు. వారికి ఒక చార్జింగుతో ఎన్ని కిలోమీటర్లు వస్తాయన్నది ఆ పూట కూలికి సంబంధించిన ప్రశ్న. దారిని బట్టి మీటను మార్చడం తెలిసినవానికి చార్జింగు కేంద్రం దగ్గర వేచి ఉండే కాలం కొంత తగ్గుతుంది. బ్రేకు ప్యాడ్ల ఖర్చు తగ్గుతుంది.

మెకానిక్కుల బతుకు తెరువు కూడా దీనితో మారుతున్నది. రీజెన్ బాగా వాడిన కారులో ప్యాడ్లు త్వరగా అరగవు. కాని వాడక లేక, వానాకాలంలో డిస్కులకు తుప్పు పడుతుంది. అప్పుడప్పుడు రాపిడి బ్రేకును గట్టిగా వాడి డిస్కులను శుభ్రంగా ఉంచవలెనని యజమానికి చెప్పగల మెకానిక్కు రేపు కావాలి. ప్యాడ్లు మార్చే పని తగ్గి, మోటారును, బ్యాటరీని, సాఫ్ట్‌వేరును పరీక్షించే పని పెరుగుతుంది. ఆ పని నేర్చినవాడు నిలబడతాడు. నేర్వనివానిని నిందించి లాభం లేదు. నేర్పవలసినవారు నేర్పారా అన్నది ప్రశ్న.

ఇక్కడే భాష సమస్య వస్తున్నది. కారు తెర మీద కనిపించే మాటలు సాధారణంగా ఇంగ్లీషువి. దానితో వచ్చే పుస్తకం కూడా ఎక్కువగా ఇంగ్లీషుదే, పైగా వందల పేజీలది. ఇంటిలో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే డ్రైవరు ఆ పుస్తకాన్ని సీటు కింద పెట్టి మరచిపోతాడు. అంకెలు మాత్రం చదువుకొని, ఎవరో చెప్పినట్లు సున్నాలోనో మూడులోనో ఉంచి, మళ్లీ ముట్టుకోడు. చదువులేనితనం అని దీనిని తీసివేయడం అన్యాయం. తెలివికి లోటు లేదు, తెలిపేవారికి లోటు. ఎంపిక ఉన్నదని చెప్పకపోతే ఎంపిక లేనట్లే. చైనాలో మీట లేక కలిగిన చిక్కు, మన దగ్గర మీట ఉండి, మాట లేక కలుగుతున్నది.

చేయదగిన పనులు

కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా కొన్ని సూచనలు చేస్తున్నాను. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు.

మొదటిది, భౌతికశాస్త్ర శాఖ, తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి ఎనిమిది పేజీలకు మించని ఒక చిన్న పుస్తకం తయారు చేయవచ్చు. ఒక వైపు నుంచి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుంచి తెరిస్తే ఉర్దూ. మన రెండు లిపులు ఎదురెదురు దిశలలో సాగుతాయి కనుక ఒకే పుస్తకానికి రెండు ముఖపత్రాలు సహజంగానే అమరుతాయి. రీజెన్ అంటే ఏమిటి, ఏ దారిలో ఏ స్థాయి, బ్యాటరీ నిండినప్పుడు ఏమవుతుంది, తాళం చేతులు మారినప్పుడు ఏమి చూసుకోవాలి. ఇంతే విషయం. దానిని డ్రైవర్లు నిలిచే అడ్డాల దగ్గర పంచితే చాలు.

రెండవది, ప్రయోగశాలలో ఒక పాత సైకిలు, ఒక డైనమో, ఒక చిన్న బ్యాటరీ, ఒక మీటరు పెట్టి ఈ సూత్రాన్ని ప్రదర్శించవచ్చు. చక్రాన్ని తిప్పి వదిలి, డైనమో లేనప్పుడు ఎంతసేపట్లో ఆగుతుంది, ఉన్నప్పుడు ఎంతసేపట్లో ఆగుతుంది అని విద్యార్థులే కొలవాలి. డైనమోకు ఒక బల్బు తగిలిస్తే ఒక స్థాయి, రెండు తగిలిస్తే మరొక స్థాయి. కారులోని మీట చేసే పని కళ్ల ముందు కనిపిస్తుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం అప్పుడు ప్రాణం పోసుకుంటుంది.

మూడవది, డ్రైవింగ్ శిక్షణలోనూ, లైసెన్సు పరీక్షలోనూ ఈ విషయానికి చోటు కల్పించాలని, కార్ల తయారీదారులు తెర మీది మాటలను మన రెండు భాషలలోనూ ఇవ్వాలని కోరుతూ కళాశాల పక్షాన ఒక వినతిపత్రం పంపవచ్చు. ఫలితం వెంటనే రాకపోవచ్చు. అడగనిదే అమ్మయినా పెట్టదు.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు ఇటువంటి కార్లను నడుపుతారు, కొందరు బాగుచేస్తారు, కొందరు వాటి నమూనాలు గీస్తారు. అందరూ వాటి ముందు నుంచి దారి దాటుతారు. ఈ వాహనం మీ చేతికి వచ్చిన నాడు తెర మీద ఎన్ని కిలోమీటర్లు మిగిలినవో చూసే ముందు, అద్దంలో వెనుకవానిని, అద్దం బయట ముందువానిని చూడండి. దారిని చూసి మీటను నిర్ణయించండి. సందులో బలంగా, బాటలో తేలికగా, వాలులో గట్టిగా, రోగి ఉన్నప్పుడు మెత్తగా. ఏ స్థాయిలో ఉంచినా కాలు మాత్రం బ్రేకు దగ్గరే ఉండనివ్వండి. తెలిసినవారు తెలియనివారికి వారి భాషలో చెప్పండి. అడ్డా మీద మీ అన్నకో, మామకో, చాచాకో ఈ సాయంత్రమే చెప్పండి.